విరాసత్, అరుసుకోవడం: బుగ్గారం ప్రాంతంలో ఆస్తి సంక్రమణం, వృద్ధాప్య పోషణ

తెలంగాణ గ్రామాలలో భూమి చేతులు మారే ప్రక్రియకు వాడే పదజాలంలో అధికభాగం నిజాం కాలపు రెవెన్యూ వ్యవస్థ నుండి వచ్చింది. పట్టాదారు మరణం ‘ఫౌతి’, వారసుల పేర్ల నమోదు ‘విరాసత్’, సాగు వివరాల పత్రం ‘పహాణీ’, తెల్లకాగితం మీది కొనుగోలు ‘సాదా బైనామా’. ముసలివారి పోషణను తెలిపే మాటలు మాత్రం తెలుగువి: సాదుకోవడం, అరుసుకోవడం, మంచాన పడితే చూసుకోవడం. మొదటి వర్గం దస్తావేజుల కెక్కింది. రెండవది నోటిమాటగానే నిలిచింది. జగిత్యాల జిల్లా బుగ్గారం పరిసరాల వంటి చోట ఈ ఎడం కేవలం భాషా విషయం కాదు.

ధర్మశాస్త్ర సంప్రదాయంలో దాయం, భరణం విడివిడిగా లేవు. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలంలో విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గా తెలుగు చేశాడు. మితాక్షర ప్రకారం కుమారునికి పుట్టుకతోనే పిత్రార్జితంలో హక్కు ఉంటుంది. అయితే తండ్రి సమభాగాలుగా పంచినప్పుడు స్త్రీధనం పొందని భార్యకూ, తండ్రి అనంతరం కొడుకులు పంచుకొన్నప్పుడు తల్లికీ సమాన భాగం ఇవ్వాలని యాజ్ఞవల్క్యస్మృతి విధించింది. దక్షిణాదిలో ఈ విధి నిలవలేదు. స్మృతిచంద్రికాకారుడు దేవణభట్టు తల్లి భాగాన్ని జీవనానికి సరిపడేంతకే పరిమితం చేశాడు. కాలక్రమంలో వాటా ఆచారం నుండి జారిపోయి మనోవర్తి మిగిలింది. దీనిని వ్యాఖ్యాతల మధ్య పాఠభేదంగా సరిపెట్టడం కుదరదు. వాటా గల తల్లిని కొడుకులు అడిగి వస్తారు. మనోవర్తి గల తల్లి కొడుకులను అడగవలసి వస్తుంది.

శాస్త్రం వదిలిన ఈ ఖాళీని గ్రామం తన పద్ధతిలో పూరించుకొంది. మగసంతానం లేని ఇంట ఇల్లరికపుటల్లుడు భూమితో పాటు అత్తమామల బాధ్యతనూ స్వీకరించేవాడు. పెళ్లినాడు పసుపు కుంకుమల కింద కూతురికి ఇచ్చిన చెలక ఆమె పుట్టింటి రాకపోకలకు ఆధారమయ్యేది. పెద్దమనుషుల ఎదుట పంపకాలు జరిగినప్పుడు తల్లిదండ్రులు కొంత భూమిని తమ కింద ఉంచుకోవడం, కడదాకా సాదినవారికే అది చెందుతుందని అనుకోవడం రివాజు. అలా ఉంచుకోని చోట వృద్ధులు నెలకొక కొడుకు ఇంట వంతులు తిరిగేవారు. షరతు రాతలో లేకున్నా సాక్షులు అదే వాడలో ఉండేవారు. మితాక్షర కుటుంబంలో ఉమ్మడి ఆస్తిలోని తన భాగాన్ని వీలునామా ద్వారా ఇచ్చే అధికారం 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షనుతో గాని రాలేదు.

ఈ మౌఖిక వ్యవస్థను రెండు పరిణామాలు కదిలించాయి. మొదటిది వలస. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి దుబాయి, మస్కట్ వైపు సాగిన గల్ఫ్ వలసలో కొడుకు పంపే డబ్బు ఇంటికి చేరుతుంది గాని, పక్షవాతం వచ్చిన తండ్రిని లేపి కూర్చోబెట్టే చేతులు కోడలివో కూతురివో అవుతాయి. రెండవది చట్టం. 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ కూతురికి సహదాయాదిగా హక్కు కల్పించినా, 1985 సెప్టెంబరు 5కు ముందే పెళ్లయినవారిని మినహాయించింది. 2005 నాటి కేంద్ర సవరణ ఆ మినహాయింపును తొలగించింది. హక్కు పుట్టుకతో వచ్చేది గనుక 2005 నాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సేవ చేస్తున్న కూతురికి హక్కు ఉన్నదని చట్టం అన్నా, తండ్రి బతికుండగానే భూమిని కొడుకుల పేరిట రాయించే తొందర పలు కుటుంబాల్లో తగ్గలేదు.

ఆ తొందరకు అనువైన సాధనం దానపత్రం. వీలునామాను రాసినవారు చనిపోయేలోగా ఎన్నిసార్లైనా మార్చవచ్చు, దానికి రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. స్థిరాస్తి దానపత్రానికి రిజిస్ట్రేషను తప్పనిసరి. ఒకసారి పూర్తయ్యాక దాత తనంత తానుగా వెనక్కి తీసుకోలేడు. 2020 అక్టోబరు చివర ధరణి అమలులోకి వచ్చాక వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను తహసీల్దారు చేతికి వచ్చింది. పంపకపు ఒప్పందానికి సాక్షులైన వాడపెద్దలకు ఈ ప్రక్రియలో చోటు లేదు.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం (2007) 23వ సెక్షను పాత గ్రామ నియమాన్ని పోలి ఉంటుంది: కనీస అవసరాలు చూస్తాననే షరతుపై ఆస్తి పొంది, ఆపై చూడనివారి పత్రాన్ని ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. సంతానం లేనివారిని వారి ఆస్తికి వారసులు కాబోయే బంధువులే పోషించాలని 4వ సెక్షను అంటుంది. ఇది ఇల్లరికపు తర్కమే. అయితే సుదేశ్ ఛికారా కేసులో (2022) సుప్రీంకోర్టు, ఆప్తులకు ఆస్తి ఇచ్చినంత మాత్రాన పోషణ షరతు ఉన్నట్లు కాదని, దానిని నిరూపించాలని తేల్చింది. ఊర్మిళా దీక్షిత్ కేసులో (2025 జనవరి) తల్లి రాసిన దానపత్రాన్ని అదే న్యాయస్థానం రద్దు చేసింది. చట్టాన్ని ఉదారంగా అన్వయించాలని అన్నది నిజమే. కాని అక్కడ కొడుకు రాసిచ్చిన వాగ్దానపత్రం కూడా ఉంది.

దానపత్రాలలో స్థిరపడిన పదబంధం ‘ప్రేమాభిమానాలతో’. దాని పక్కన ‘జీవితాంతం అరుసుకొనే షరతుపై’ అనే మాట లేనప్పుడు, ట్రిబ్యునల్‌గా కూర్చునే ఆర్డీవో ఎదుట ఆ వృద్ధురాలు వాడలో అందరికీ తెలిసిన విషయాన్నే మళ్లీ రుజువు చేసుకోవలసి ఉంటుంది.