పైమియో శానటోరియం
నైరుతి ఫిన్లాండ్‌లోని పైన్ అడవిలో, వాస్తుశిల్పి ఆల్వార్ ఆల్టో రూపకల్పనతో 1933లో పూర్తయిన క్షయ చికిత్సాలయం ఇది. యాంటీబయాటిక్స్ రాని ఆ కాలంలో ఎండ, గాలి, విశ్రాంతి మీదే వైద్యం ప్రధానంగా ఆధారపడినందున, భవనమే చికిత్సలో భాగం కావలసి వచ్చింది. నిలబడిన మనిషిని కాక, నెలల తరబడి వెల్లకిలా పడుకొనే రోగి చూపును ప్రమాణంగా తీసుకోవడంలోనే ఆల్టో ప్రతిభ ఉంది. అందుకే ఆయన గది లోకప్పుకు కళ్లకు హాయినిచ్చే ఆకుపచ్చ రంగు వేయించి, దీపాలను చూపుకు సూటిగా తగలని చోట అమర్చి, ఇద్దరుండే గదిలో ఒకరి వల్ల మరొకరి నిద్ర చెడకుండా, నీరు పడినా చప్పుడు కాని వాష్‌బేసిన్లను చేయించాడు. పరిసరాలు మనసుపై చూపే ప్రభావాన్ని పరిశీలించే పర్యావరణ మనోవిజ్ఞానం అప్పటికింకా ప్రత్యేక శాస్త్రంగా ఏర్పడలేదు. ఆ శాస్త్రం ఏర్పడిన తర్వాత, వేరొక ఆసుపత్రిలో కిటికీలోంచి చెట్లు కనిపించే రోగులు, ఇటుక గోడ మాత్రమే కనిపించేవారికంటే ముందుగా ఇంటికి వెళ్లారని పరిశోధకుడు రోజర్ ఉల్రిచ్ 1984లో చూపాడు; ఆ అధ్యయనంలో పోల్చినవారు 46 మందే.