దానమునకు దారిఖర్చు

మనియార్డరు ఫారమును స్వహస్తముతో నింపినవారు మన గ్రామములలో నిప్పటికిని పెక్కురు గలరు. ఆ పద్ధతి మన దేశమున 1880లో ఆరంభమై 2015 వరకును సాగినది. దాని లెక్క సరళమైనది. చివరి కాలమున ప్రతి 20 రూపాయలకును ఒక రూపాయి కమీషను. నూరు రూపాయలు పంపదలచిన తండ్రి తపాలా కచేరీలో నూటయైదు లెక్కపెట్టి యిచ్చెడివాడు. పట్టణమున చదువుకొను కుమారునికి నూరును ముట్టెడివి. ఆ యైదు రూపాయలను ఎవరును దాచలేదు. అడుగుటకు ఎవరును సిగ్గుపడలేదు. కుమారుడు సంతోషించి తపాలా జవాను చేతిలో పావలాయో అర్ధరూపాయో పెట్టినచో అది వేరుమాట. అది పని ముగిసిన పిమ్మట మనసార ఇచ్చెడి బహుమానము.

కమీషను వేరు, బహుమానము వేరు. ఈ రెంటికిని గల భేదము దానధర్మముల విషయమున ఇటీవల నెట్లు చెరిగిపోయినదో చెప్పుటయే ఈ ప్రసంగము పని.

పదిమంది చిల్లరతో పెద్ద కార్యము చేయుట క్రొత్త కాదు. 1885లో ఫ్రాన్సు దేశీయులు పంపిన స్వేచ్ఛాదేవి విగ్రహమునకు పీఠము కట్టుటకు న్యూయార్కులో ధనము చాలకపోయెను. అప్పుడు జోసెఫ్ పులిట్జరు తన ‘వరల్డ్’ పత్రికలో చందాలకు విజ్ఞప్తి చేసి, మార్చి మొదలు ఆగస్టు వరకు లక్ష డాలర్లకు పైగా ప్రోగుచేసెను. ఇచ్చినవారు లక్షమందికి మించినారు. వారిలో అధికసంఖ్యాకులు డాలరుకు లోపుగా ఇచ్చినవారే. ప్రతి దాత పేరును పత్రికలో అచ్చువేసిరి. పులిట్జరునకు లాభము లేకపోలేదు. పత్రిక చందాదారులు పెరిగిరి. కాని ఆ లాభము పీఠము సొమ్ములోనుండి తీసినది కాదు.

మన బెజవాడలో 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో సమావేశమైన అఖిలభారత కాంగ్రెసు సంఘము తిలకు స్వరాజ్యనిధికి కోటిరూపాయలు జూన్ నెలాఖరులోగా కూర్చవలెనని తీర్మానించినది. ఆ మొత్తము కూడినది. అట్టి వసూళ్లలో జోలె పట్టినవాడు ఎరిగిన మనిషి. లెక్క అడుగవలెనన్న అతని యిల్లు ఎక్కడనో ఊరికి తెలియును.

ఈ శతాబ్దారంభమున జోలె అంతర్జాలములోనికి పోయినది. ఇంగ్లండులో జస్ట్‌గివింగ్ అను సంస్థయు, 2010లో అమెరికాలో గోఫండ్‌మీ అను సంస్థయు వెలసినవి. దాత తన ఫోనునుండి ధనము పంపును. సంస్థ దానిని ధర్మకార్యమునకో, రోగి కుటుంబమునకో చేర్చును. ఈ పనికి ఈ సంస్థలు రెండును మొదట నూటికి 5 వంతున తీసికొనెడివి. బ్యాంకులు, కార్డుల కంపెనీలు తీసికొను రుసుము దీనికి వేరు. అమెరికాలో అది నూటికి 2.9 వంతును, దానిపై ప్రతి దానమునకు 30 సెంట్లును. ఇంగ్లండులో 2017లో ఈ రుసుములపై పత్రికలు తీవ్రముగా విమర్శించెను. దుర్ఘటనలలో మరణించినవారి కుటుంబములకు ఇచ్చిన సొమ్ములోనుండి ఐదవవంతు కాకున్నను, ఇరువదవవంతు మధ్యవర్తికి పోవుట జనులకు రుచింపలేదు.

అప్పుడు మార్గము మారినది. అమెరికాలోని వ్యక్తిగత విజ్ఞప్తులపై గోఫండ్‌మీ 2017 నవంబరులోను, ధర్మసంస్థల విషయమున జస్ట్‌గివింగ్ 2019 మార్చిలోను ఆ 5 వంతును ఎత్తివేసినవి. ‘మాకు రుసుము లేదు; మీ యిష్టమైనచో మాకు టిప్పు ఇండు’ అని దాతనే అడుగసాగినవి. వినుటకు ఇది ఔదార్యమే. దానము కోతపడదు, ఇచ్చువాడు ఇచ్చును, ఈయనివాడు మానును. తపాలా జవాను పావలా వలెనే కదా యని తోచును.

కాని జవాను ముందుగా పావలా నిర్ణయించి మన చేతినుండి తీసికొనడు. ఇచ్చట దాత వేయి రూపాయలని వ్రాయునప్పటికే, క్రింద టిప్పు నూటికి ఇంతయని గురుతుపెట్టి యుండును. నూటికి 15 అనుకొందము. దాత చూడక మీట నొక్కినచో అతని ఖాతానుండి 1,150 రూపాయలు పోవును. వలదన్నచో ‘ఇతరము’ అను మాటను వెదకి, అందు సున్న వ్రాయవలెను. పాత రుసుము వేయికి 50 రూపాయలు. ఈ ‘ఐచ్ఛికము’ 150. పైగా టిప్పు సంస్థకు చెందినదేకాని ధర్మమునకు చెందినది కాదు. కనుక ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపునకు అది లెక్కకు రాదు.

దీని ప్రభావమును కొలిచి చూచినవారు గలరు. జర్మనీలోని బెటర్‌ప్లేస్ అను విరాళవేదికపై ఆర్థికశాస్త్రజ్ఞులు జరిపిన పరీక్ష 2019లో ప్రకటింపబడినది. వారు 6,80,000కు పైబడిన సందర్శనములను, 23,000 దానములను పరిశీలించిరి. దానపు మొత్తముగా కొందరికి 10 యూరోలు, కొందరికి 20, కొందరికి 50 ముందుగా గురుతుపెట్టిరి. వేదికకిచ్చు అదనపు సొమ్మును నూటికి 5, 10, 15 గా మార్చి చూపిరి. రెండింటను ఎక్కువమంది ఎన్నుకొన్నది ఎదుట పెట్టిన అంకెనే. అయినను దానముల మొత్తము పెరుగలేదు. కొందరు హెచ్చించినది మరికొందరు తగ్గించినదానితో సరిపోయినది. వేదికకు చేరు సొమ్ము మాత్రము, ముందుంచిన అంకె పెరిగినకొలది నిశ్చయముగా పెరిగినది. దానమును గూర్చి మనిషి ఆలోచించును, టిప్పును గూర్చి ఆలోచింపడు. ఆ పరీక్షనుండి నాకు తోచిన అర్థమిది.

మన దేశమున మిలాప్ 2010లోను, కెట్టో 2012లోను పుట్టినవి. ఇచ్చటి విజ్ఞప్తులలో పెక్కు ఆసుపత్రి ఖర్చులకు సంబంధించినవి. శస్త్రచికిత్సకు లక్షలు కావలసిన పిల్లవాని ఫోటో ఎదుట నుండగా, క్రింది అంకెను పరిశీలించుట దాతకే కఠినముగా తోచును. ఈ సంస్థలకు ఖర్చు లేదని నేను అనను. ఆసుపత్రి కాగితములు సరిచూడవలెను, మోసగాండ్రను వడపోయవలెను, నౌకరులకు జీతములీయవలెను. ఇంగ్లండులో వర్జిన్ మనీ గివింగ్ అను సంస్థ లాభాపేక్ష లేక 2009 నుండి తక్కువ రుసుమును బాహాటముగా తీసికొని నడచి, 2021 నవంబరులో మూతబడినది. ధర్మమునకు దారిఖర్చు తప్పదు. ఆ ఖర్చు ఎంతయో కౌంటరువద్దనే చెప్పుట న్యాయము. దయతో కరగిన మనస్సునుండి దానిని రాబట్టుట న్యాయము కాదు.

మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ 2023 నవంబరు 30న 13 విధములైన మాయోపాయములను నిషేధించుచు మార్గదర్శకములు వెలువరించినది. కొనుగోలుదారుని అనుమతి లేక బిల్లులో ఇతర వస్తువులనో, ధర్మకార్యమునకు విరాళమునో చేర్చుట అందొకటి. అంగడి బిల్లులోనికి దానము చొరబడరాదని అందు స్పష్టముగా నున్నది. దానపు బిల్లులోనికి టిప్పు చొరబడుటను గూర్చి మాత్రము పేరెత్తి చెప్పలేదు.

మీ యింటి పిల్లలు ఫోనుపై ఎవరికైన ధనము పంపునప్పుడు, మీట నొక్కకమునుపు మొత్తము అంకెను బిగ్గరగా చదువుమనుడు. వేయి అనుకొన్నచోట వేయిన్ని నూటయేబది వినబడినచో, ఆ నూటయేబది ఎవరిదో అడుగుడు. ఆసుపత్రి ఖాతా సంఖ్య దొరకి, ఆసుపత్రివారు ఔనన్నచో, సొమ్ము నేరుగా అచ్చటికే పంపవచ్చును. యూపీఐ ద్వారా చెల్లించినచో బ్యాంకులు సొమ్ము పుచ్చుకొన్నవారివద్ద రుసుము తీసికొనరాదని 2020 జనవరి 1 నుండి నిబంధన అమలులోనికి వచ్చినది.