మహమ్మారి కాలమున మూతిగుడ్డయు ముళ్ళకంపయు

 

వార్షిక మహాసభల సంచికలలో వంశచరిత్రలను, ఇంటిపేర్ల పుట్టుపూర్వోత్తరములను, పూర్వుల దానధర్మములను వ్రాయుట ఆచారమై యున్నది. అది మంచి ఆచారమే. అయినను జనులెల్లరు కలిసి పడిన కష్టమును, ఆ కష్టకాలమున వారు నడచిన నడవడిని వ్రాసియుంచుటయు చరిత్రలోని భాగమే యగును. కాళయుక్తి నామ సంవత్సరమున, అనగా 1918లో, బొంబాయి రేవున దిగిన విషజ్వరము మన దేశమున కోటికి పైబడిన ప్రాణములను గొనిపోయెను. 1911 మొదలు 1921 వరకు గల దశాబ్దమున భారతదేశ జనసంఖ్య పెరుగుటకు మాఱు తగ్గెను. ఇరువదవ శతాబ్దమున అట్టి దశాబ్దము అదియొక్కటే. ఇంతటి ఉపద్రవమును గూర్చి మన పెద్దలవలన మనకు దక్కిన మాటలెన్ని? "జ్వరాల యేడు" అను ఒక్కమాట తప్ప మఱేమియు మా చెవిని పడియుండలేదు. ఆనాడు మన తాతలు ఎవరిని ఇంటికి రానిచ్చిరో, ఎవరిని వెడలగొట్టిరో, ఎవరు పీనుగను మోసిరో ఎఱిగినవారు లేరు. శార్వరి, ప్లవ సంవత్సరముల మహమ్మారికి అట్టి గతి పట్టరాదని యెంచి, ఈ నాలుగు మాటలు వ్రాయ బూనితిమి.

వ్యాధి ఒకరినుండి యొకరికి సంక్రమించునను జ్ఞానము మనకు క్రొత్తది కాదు. సుశ్రుత సంహితలో నిదానస్థానము కుష్ఠప్రకరణమున, ఒంటికి ఒళ్లు తగులుట, ఒకరి యూపిరి యొకరికి సోకుట, కలిసి భుజించుట, ఒకే శయ్యను, వస్త్రమును వాడుట మొదలగు కారణములచే కొన్ని రోగములు నరునినుండి నరునికి ప్రాకునని చెప్పబడినది. చరక సంహిత విమానస్థానమున జనపదోద్ధ్వంసమును గూర్చి ప్రత్యేకముగ నొక అధ్యాయమే కలదు. దానిలో పునర్వసు ఆత్రేయుడు గాలి, నీరు, దేశము, కాలము అను నాలుగును చెడినపుడు భిన్నప్రకృతులు గల జనులందరు ఒక్కమారే నశింతురని శిష్యునకు బోధించెను. కౌటిల్యుడు అర్థశాస్త్రమున అగ్ని, జలము, దుర్భిక్షము మొదలగువానితో పాటు వ్యాధిని గూడ మహాభయములలో చేర్చి, వైద్యులచే ఔషధములను, తాపసులచే శాంతిని జరిపింపవలెనని రాజునకు విధించెను. జ్ఞాన మున్నది, విధి యున్నది. అయినను జనులు దానిని పాటింతురా లేదా యనునది వేఱు ప్రశ్న. చరిత్రలో చిక్కంతయు ఇచ్చటనే గలదు.

కట్టుబాటు బలవంతమైనచో ఏమగునో 1897లో పుణ్యపురము చూపినది. 1896లో బొంబాయిన ప్లేగు పొడసూపగా, మఱుసటి యేడు ఆంగ్లప్రభుత్వము అంటురోగముల చట్టమును చేసెను. పుణ్యపురమున ర్యాండు అను నధికారి సిపాయిలచే ఇండ్లు సోదా చేయించెను. పూజాగృహములని గాని, అంతఃపురములని గాని చూడక సిపాయిలు చొరబడిరి. రోగమున్నదను అనుమానము మాత్రముచేత జనులను శిబిరములకు తరలించిరి. తుదకు 1897 జూను 22వ తేదీ రాత్రి చాపేకరు సోదరులు ర్యాండును కాల్చిరి. ప్లేగును ఆపుటకు పుట్టిన చట్టము ప్లేగుకంటె ఎక్కువ భయమును కలిగించినది. ఆ 1897 నాటి చట్టమే 2020లోను మన దేశమున ప్రయోగింపబడెనని చదువరులు గుర్తింతురు గాక.

మూతిగుడ్డ కథ మంచూరియా దేశమున మొదలైనది. 1910-11 చలికాలమున అచట ఊపిరితిత్తుల ప్లేగు ప్రబలి సుమారు 60,000 మందిని పొట్టనబెట్టుకొనెను. ఊ లియెన్ తె అను యువ వైద్యుడు, ఈ రోగము ఊపిరిచే వ్యాపించుచున్నదని గ్రహించి, దూదిని పొరలుగా పెట్టిన పలుచని గుడ్డను ముక్కునకు నోటికి కట్టుకొనవలెనని వైద్యులకును పరిచారకులకును విధించెను. మెస్నీ అను పరాసు వైద్యుడు ఆ మాటను తృణీకరించి, గుడ్డ లేకయే రోగులను పరీక్షించి, కొలది దినములకే 1911 జనవరిలో ఆ రోగముచేతనే మరణించెను. 1918లో అమెరికా నగరములలో మూతిగుడ్డను శాసనము చేసిరి. కట్టనివారికి జుల్మానా వేసిరి. కొందరు చుట్ట కాల్చుకొనుటకై ఆ గుడ్డకే రంధ్రము చేసికొనిరట! శాన్‌ఫ్రాన్సిస్కో పట్టణమున 1919 జనవరిలో మూతిగుడ్డ వ్యతిరేక సంఘమే యేర్పడినది. కావున గుడ్డను గడ్డమునకు దించుకొనుట మన మన్యపువారి మూఢత్వమని పట్టణవాసులు నవ్వ బనిలేదు. నరస్వభావము ఎల్లెడల నొక్కటియే.

ఇక మన మన్యమునకు వత్తము. ఈ కొయ్యూరు గడ్డకు పైనుండి దిగు ఉత్తరువులన్న నెట్టివో మిక్కిలి తెలియును. అడవిలో పోడు కొట్టరాదని ఒక ఉత్తరువు, వంటచెఱకు తేరాదని ఒక ఉత్తరువు. గూడెములో బాస్టియను అను డిప్యూటీ తాసిల్దారు రోడ్డుపనికి జనులను బలవంతముగా తోలి, తగిన కూలి యీయకుండుటయు 1922 నాటి మన్యపు పితూరీకి ఒక కారణమని చరిత్రకారు లందురు. 1924 మే 7వ తేదీన అల్లూరి సీతారామరాజుగారు ఈ కొయ్యూరుననే తుపాకికి గురియైరి. ఇట్టి గడ్డపై నివసించు జనులు "సర్కారు మాట" యనగనే శంకించుట తరతరాల అనుభవముచే నబ్బిన బుద్ధి. దానిని అవిద్య యని తీసివేయరాదు.

అయినను ఈ జనులకు కట్టుబాటు తెలియదనుట అన్యాయము. ఇంట అమ్మవారు పోసిన దినములలో గుమ్మమునకు వేపమండలు కట్టుట, పరాయివారు లోనికి రాకుండుట, పోపు పెట్టకుండుట ఎవరి శాసనము? పోలీసు లేడు, జుల్మానా లేదు, అయినను ఎవరును మీఱరు. ఏలయన, ఆ నియమము తమది. దానిని చెప్పినది తమ యింటి పెద్దమ్మ.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగెను. మార్చి 25న దేశమంతట లాక్‌డౌను మొదలయ్యెను. ఆ దినమే శార్వరి నామ సంవత్సరాది. శార్వరి యనగా రాత్రి. పంచాంగశ్రవణము చేయువాడును, వినువాడును లేని యుగాది యది. ఆ వారమందే మన మన్యమున ఊరూర దారుల కడ్డముగా ముళ్ళకంపలు పడెను, వాసములు నిలిచెను, బండలు దొర్లెను. ఇది ఏ అధికారి చెప్పగా చేసినదియు కాదు. చైత్రమాసమున ఇటుకల పండుగనాడు దారికి అడ్డముగా కఱ్ఱ నిలిపి, బాటసారుల నాపి, కానుక పుచ్చుకొనుట మన యేజెన్సీలో వాడుక గదా! పండుగకు నిలుపు కఱ్ఱనే ఆ యేడు రోగమునకు నిలిపిరి. కానుక కొఱ కాపినవారే "వెనుకకు పొండు" అనిరి. పొరుగున బస్తరు ప్రాంతమందు కాంకేరు జిల్లా గిరిజనులు, అంగడిలో గుడ్డ దొరకకపోగా, ఆకులను కుట్టి మూతికి కట్టుకొనిరి. ఉపాయమునకు చదువుతో పనిలేదని దీనివలన తెలియుచున్నది.

మూతిగుడ్డ విషయమున మాత్రము కథ వేఱుగ నడచినది. మొదట ఆరోగ్యవంతులకు గుడ్డ యక్కఱలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పెను. ఏప్రిలు మొదటి వారమున ఇంట కుట్టిన గుడ్డనైనను కట్టుకొనుడని కేంద్రప్రభుత్వము సలహా నిచ్చెను. ఏప్రిలు 15 నాటి ఉత్తరువుతో బహిరంగస్థలములందు అది తప్పనిసరి యయ్యెను. జూను 5న ప్రపంచ ఆరోగ్య సంస్థయు తన మాట మార్చుకొనెను. క్రొత్త రోగమును గూర్చి తెలిసికొనుచు మాట మార్చుకొనుట శాస్త్రమునకు దోషము కాదు. కాని ఎందుకు మార్చితిమో పల్లెవానికి వాని భాషలో చెప్పినవారు కొద్దిమంది. మన రాష్ట్రప్రభుత్వము తలకు మూడు చొప్పున 16 కోట్ల గుడ్డలను పంచ నిశ్చయించి, పొదుపు సంఘముల స్త్రీలచే కుట్టించెను. తెలంగాణమున మేనెలలో వేయి రూపాయల జుల్మానా విధించిరి. అప్పటినుండి సంతలలో మేము కన్నది యేమన: పోలీసు జీపు వచ్చు చప్పుడు వినగనే గుడ్డ ముక్కునకెక్కును, జీపు మలుపు తిరుగగనే గడ్డమునకు దిగును. అడ్డపొగ త్రాగు ముసలమ్మలకు అది మఱింత బాధ. నూర్పిళ్లలో పొట్టు పడకుండ తువాలు ముక్కునకు చుట్టుకొను రైతే, సంతలో చుట్టుకొనుమన్న విసుగుకొనెను.

ముళ్ళకంపను అంత యిష్టముగ వేసినవారు మూతిగుడ్డను అంత అయిష్టముగ ఏల కట్టిరి? మా యెఱిగినంతలో కారణమిది. ముళ్ళకంప పరుని ఆపును, మూతిగుడ్డ తన్ను ఆపును. రోగము బయటివానితో వచ్చుననుట అందరకు నచ్చు మాట. రోగము నా యూపిరిలోనే యుండవచ్చునని, నా పొరుగువానికి నేనే హాని చేయవచ్చునని యొప్పుకొనుట కష్టము. మూతిగుడ్డ ముఖ్యముగ నెదుటివాని రక్షణకు కట్టునది; అనగా అది యొక చిన్న పరోపకారము. జుల్మానాకు వెఱచి చేసిన పరోపకారము జీపు ఉన్నంతసేపే నిలుచును.

పాలకులవైపు లోపము లేకపోలేదు. మన్యము దిగినవారికి మొదట తగులు పట్టణమైన నర్సీపట్నపు ప్రభుత్వ వైద్యశాలలో మత్తువైద్యుడగు డాక్టరు సుధాకరుగారు, వైద్యులకు చాలినన్ని మాస్కులు, రక్షణ వస్త్రములు లేవని 2020 ఏప్రిలు నెలారంభమున బహిరంగముగ చెప్పిరి. ఆయనను ఉద్యోగమునుండి సస్పెండు చేసిరి. మే 16న విశాఖపట్టణపు నడివీథిలో చేతులు వెనుకకు కట్టి పోలీసులు ఆయనను తీసికొనిపోయిన దృశ్యమును దేశమంతయు చూచినది. ఉన్నతన్యాయస్థానము ఆ విషయమును సి.బి.ఐ. విచారణకు అప్పగించినది. ఆయన 2021 మే 21న పరమపదించిరి. గుడ్డ కట్టనివానికి జుల్మానా వేసిన కాలముననే, గుడ్డ యడిగిన వైద్యునకు ఇట్టి గతి పట్టుట జనుల మనసులలో నాటుకొనినది. ఉత్తరువుపై నమ్మకము ఇట్టివానివలన సడలునే గాని గోడపత్రికలు చాలనందువలన కాదు.

కంపవలనను కీడు జరిగినది. వారపు సంతలు మూతపడినవి. చింతపండు కాలమున కొనువాడు లేడయ్యెను. రోగి నాపిన కంప పురుటినొప్పుల స్త్రీని మోసికొనివచ్చిన డోలీని గూడ ఆపగలదు. పట్టణములలోని భయము పీనుగలను గూడ విడువలేదు. నెల్లూరి వైద్యు డొకడు చెన్నపట్టణమున మరణింపగా అంబత్తూరు శ్మశానమున దహనమునకు అడ్డు వచ్చిరి. ఏప్రిలు 19న మరణించిన సైమను హెర్క్యులిస్ అను వైద్యుని ఖననము చేయబోగా రాళ్లు రువ్విరి. చికిత్స చేసినవారికి ఆఱడుగుల నేల దొరకకుండుట కంటె దైన్యము గలదా?

ఇంకొక మాట కులసంఘపు సభలో చెప్పకతప్పదు. ఆ దినములలో కొందరు, "చూచితిరా, మన పెద్దల అంటుముట్టు ఎంత శాస్త్రీయమో!" అని చంకలు గ్రుద్దుకొనిరి. ఇది పొరపాటు. వ్యాధికి దూరము పదునాలుగు దినములు. అంటరానితనమునకు దూరము పదునాలుగు తరములు. మొదటిది ఎవని యూపిరికైనను సమానమే, ధనికుడైనను దరిద్రుడైనను. రెండవది పుట్టుకను చూచును. సుశ్రుతుడు రోగి యూపిరిని గూర్చి చెప్పెనే గాని కులమును గూర్చి చెప్పలేదు. మూతిగుడ్డ చాటున పాతగోడలను మరల కట్టుట సంఘసేవ కానేరదు.

ప్లవ నామ సంవత్సరాది 2021 ఏప్రిలు 13. ప్లవ మనగా పడవ. మునిగిన పిదపనే పడవ విలువ తెలిసినది. ఆ ఫిబ్రవరిలో గ్రామపంచాయతీ ఎన్నికలు, ఏప్రిలు 8న పరిషత్తు ఎన్నికలు జరిగెను. పెండ్లిండ్లు మరల కళకట్టెను. ముళ్ళకంపలు ఎప్పుడో పొయ్యిలోనికి పోయెను. "మహమ్మారి పోయిన" దనుకొన్న వేళ రెండవ యల వచ్చి, ఆక్సిజను కొఱకు జనులు వీథులలో పరుగిడునట్లు చేసినది. 2022 మార్చి 31తో కేంద్రప్రభుత్వపు నిర్బంధములు ముగిసెను. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర స్థితిని ఎత్తివేసెను. ఇంతలో కొయ్యూరు విశాఖ జిల్లానుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది.

ఈ చరిత్రవలన మనము గ్రహింపవలసినవి మూడు. కట్టుబాటును పెట్టువాడు ముందుగా దానికి వలయు సాధనమును, కారణమును ఈయవలెను. ఊరు తానై పెట్టుకొన్న నియమమే నిలుచును గాన, ఊరిపెద్దలను, వైద్యశాలవారిని కలిపి మాటాడింపవలెను. ఆపుటకు వేసిన కంపలో రోగికి, గర్భిణికి, వైద్యునికి దారి విడువవలెను.

మన సంఘము చేయదగిన పనియు నొకటి గలదు. ప్రతి గ్రామమున ఆ రెండేండ్లలో గతించినవారి పేళ్లను, వారిని మోసినవారి పేళ్లను, కంప వేసినవారు చెప్పిన మాటలను ఒక పుస్తకమున వ్రాయింపుడు. పోషక మహాశయులు కాగితపు ఖర్చు భరించిన చాలును. చదువుకొన్న పిల్లలు వ్రాయుదురు. మఱియొక మహమ్మారి వచ్చునాటికి మన మనుమలకు "జ్వరాల యేడు" అను ఒక్కమాట గాక, నడువదగిన బాట యొకటి మిగులును.

సర్వే జనాః సుఖినో భవంతు.