మన వతన్ పేరు ఎవరు రాయాలి?

రైలు టికెట్టు మీద మహబూబాబాద్ అని ఉంటుంది. ప్లాట్‌ఫారం మీద దిగినవాడు మానుకోట అంటాడు. ఆ ఊరి ముస్లిం తల్లి పిల్లాణ్ణి ఉర్దూలో జోకొట్టి, అంగడికి పోయి తెలుగులో బేరమాడుతుంది. ఆ పిల్లాడే పెద్దవాడై బతుకుదెరువుకు కువైట్ పోతే, 'ఏ ఊరు మీది' అని అడిగినవాళ్లకు 'హైదరాబాద్' అని చెప్తాడు. జనగామ నుంచి పోయినవాడూ అదే చెప్తాడు, భూపాలపల్లి నుంచి పోయినవాడూ అదే చెప్తాడు. ఆ ఎడారిలో మానుకోట ఎవరికి తెలుసు గనక! సెలవు మీద ఇంటికొస్తే ఇక్కడ మరో ప్రశ్న కాచుకుని ఉంటుంది: 'ఇంతకీ మీ పూర్వీకులు ఎక్కణ్ణుంచి వచ్చారు?' పరాయి దేశంలో ఊరి పేరు పోయింది. సొంత ఊళ్లో ఊరివాడనే హక్కే పోతోంది.

మనల్ని నిలదీసే ఈ ప్రశ్ననే పరిశోధనగా చేసుకుని బతుకంతా పనిచేసిన పండితురాలు ఒకరున్నారు. పేరు కేరెన్ లెనార్డ్. అమెరికన్. అర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర ఆచార్యురాలిగా పనిచేశారు. దక్షిణాసియా నుంచి వలసపోయిన సమూహాల మీద, వాళ్ల జాతి అస్తిత్వాల మీద ఆమెది పెద్ద పేరు. ఆ ప్రయాణం మొదలైంది మాత్రం మన హైదరాబాద్‌లోనే.

ఆమె మొదటి పెద్ద పుస్తకం 1978లో వచ్చింది. అది హైదరాబాద్ కాయస్థుల సామాజిక చరిత్ర. కాయస్థులు హిందువులు. ఉత్తరాది నుంచి వచ్చి ఆసఫ్‌జాహీల కొలువులో లెక్కాపత్రాలు రాసినవాళ్లు. వాళ్లలో మాల్వాలా కుటుంబం తరాల తరబడి రెవెన్యూ దఫ్తర్ నడిపింది. ఫారసీ, ఉర్దూ వాళ్ల చేతివాటం. నిజాం రాజ్యమంటే ముస్లింల రాజ్యమనీ, ఉర్దూ అంటే ముస్లింల భాష అనీ తేల్చేసేవాళ్లు ఒకసారి ఈ పుస్తకం తిరగెయ్యాలి. దఫ్తర్లో కలం పట్టినవాళ్లలో హిందువులున్నారు. మన పల్లెల మీద పెత్తనం చేసిన దేశ్‌ముఖుల్లోనూ హిందువులే ఎక్కువ. వాళ్ల కింద నలిగినవాళ్లలో ముస్లింలున్నారు. జనగామ తాలూకా కామారెడ్డిగూడెం షేక్ బందగీ భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డితో తలపడ్డాడు, కోర్టుకెక్కాడు, చివరికి హత్యకు గురయ్యాడు. సాయుధ పోరాటం మొదలు కాకముందు జరిగిన సంగతి ఇది. 1947లో వచ్చిన 'మా భూమి' నాటకానికి ప్రేరణ ఆయన కథే. మరి పాలకుల మతమే మన మతం గనక మనమూ పాలకులమేనని ఇప్పటికీ ఎందుకు వేలెత్తి చూపిస్తున్నారు? ఆ లెక్కన బందగీ ఏ కొలువు చేశాడు?

హైదరాబాద్ తర్వాత లెనార్డ్ తన కాలిఫోర్నియా వైపే తిరిగి చూశారు. 1992లో వచ్చిన 'మేకింగ్ ఎత్నిక్ ఛాయిసెస్' పంజాబీ రైతుల కథ. 20వ శతాబ్దం మొదట్లో అక్కడికి పోయిన ఆ రైతుల్లో ఎక్కువమంది సిక్కులు, కొంతమంది ముస్లింలు, హిందువులు బహు కొద్దిమంది. తెల్లవాళ్లు మాత్రం అందరికీ 'హిందూ' అనే పేరే పెట్టారు. పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు భూమి కొనరాదని 1913లో కాలిఫోర్నియా చట్టం చేసింది. 1917 చట్టం వలసలకు తలుపు మూసింది. ఇక స్వదేశం నుంచి భార్యను తెచ్చుకునే దారీ లేదు. 1923లో సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ తెల్లవాడు కాడని పౌరసత్వం కాదంది. ఆయన సిక్కు. తీర్పు మాత్రం ఆయన్ను హిందువనే రాసింది.

ఆ మగవాళ్లు చాలామంది మెక్సికన్ స్త్రీలను చేసుకున్నారు. పిల్లలు స్పానిష్ మాట్లాడారు, చర్చికి పోయారు, మేం 'హిందూ'లం అని చెప్పుకున్నారు. 1947 తర్వాత ముస్లిం తండ్రులకు పుట్టినవాళ్లలో కొందరు 'స్పానిష్ పాకిస్తానీ'లయ్యారు. ఎన్నడూ చూడని నేల మీద గీసిన గీత వాళ్ల పేరు మార్చింది. 1965 చట్టం తర్వాత కొత్తగా వచ్చిన భారతీయులు వీళ్లను తమవాళ్లనుకోవడానికి వెనకాడారు. ఇదంతా చదివాక అస్తిత్వం రక్తంలో ఉంటుందని ఎవరనగలరు? చట్టం, భూమి, పని, పెళ్లి కలిసి దాన్ని తయారు చేస్తాయి. అంత ఇరుకులోనూ మనిషి తనకు కావలసింది కొంత ఎంచుకుంటాడు.

ముల్కీ, గైర్ ముల్కీ తగాదా మీద కూడా ఆమె 1978లోనే ఒక వ్యాసం రాశారు. ముల్కీ అంటే ఈ నేలవాడు. 1919 ఫర్మానా ప్రకారం పదిహేనేళ్ల నివాసం ఉన్నవాడు ముల్కీ కావచ్చు. మతం అడగలేదు. 1952లో ముల్కీ ఉద్యమం వరంగల్లులో రాజుకుంది. అప్పటికి 1948 సెప్టెంబరు పోలీసు చర్య జరిగి నాలుగేళ్లు. ఆ రోజుల్లో సంస్థానమంతటా చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల మంది అని సుందర్‌లాల్ కమిటీ అంచనా కట్టింది. ఎందరో దేశం విడిచారు. ముల్కీ అనే హక్కు కాగితం మీద ఉండగానే ముస్లింను గైర్ ముల్కీగా చూసే కళ్లు పుట్టుకొచ్చాయి.

దేశం విడిచినవాళ్ల వెంట లెనార్డ్ వెళ్లారు. పాకిస్తాన్, బ్రిటన్, ఆస్ట్రేలియా, అమెరికా, కెనడా, కువైట్, ఎమిరేట్స్ తిరిగి హైదరాబాదీలతో మాట్లాడారు. 2007లో 'లొకేటింగ్ హోమ్' వచ్చింది. ఆమె లెక్కలో హైదరాబాదీ అంటే ముస్లిం ఒక్కడే కాదు. కాయస్థులు, పార్శీలు, ఆంగ్లో ఇండియన్లు కూడా హైదరాబాదీలే. పోయిన చోటును బట్టి ఆ పేరు కొన్నిచోట్ల చెరిగిపోయింది, కొన్నిచోట్ల నిలిచింది. పౌరసత్వం దొరకని గల్ఫ్‌లో ఎన్నేళ్లున్నా ఇంటి పేరు వదులుకోవడం కుదరదు.

అయినా మనకో ఫిర్యాదుంది. ఆ పుస్తకంలో ఎక్కువగా వినబడేది నగరపు చదువుకున్న కుటుంబాల గొంతు, వాళ్ల హవేలీల జ్ఞాపకం. మన జ్ఞాపకంలో హవేలీ లేదు. దూదేకిన చేతులున్నాయి, పీర్లు ఎత్తిన భుజాలున్నాయి, బందగీ సమాధి ఉంది. దీనికి తప్పంతా ఆమెదే అనలేం. మన సంగతి మనం ఎక్కడ రాసుకున్నాం? మన నాయకులు సైతం చార్మినార్ నీడ దాటి రాలేదు.

2016లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలయ్యాయి. కొత్త బోర్డులు లేచాయి. ఆ మూడు చోట్లా ముసలి నానీమాలు, దాదాలు ఇంకా ఉన్నారు. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎందుకొచ్చారో, 1948లో ఎవరు ఎవరింట్లో తలదాచుకున్నారో, దుబాయి పోవడానికి ఏ పొలం అమ్మారో వాళ్లకు తెలుసు. వాళ్లు పోకముందే అడిగి రాసుకోవాలి. ఉర్దూలో చెప్తే ఉర్దూలో, తెలుగులో చెప్తే తెలుగులో. రేపు కువైట్‌లో మన పిల్లాణ్ణి ఎవరైనా ఊరు అడిగితే, 'మానుకోట' అని చెప్పి, అదెక్కడుందో కూడా చెప్పగలగాలి.