పల్లెకు తిరిగి వచ్చిన విద్యార్థులు
(సూర్యాపేట – కోదాడ – మిర్యాలగూడ ప్రాంత యువజన చరిత్రలో కొన్ని పుటలు)

చిలుకూరు అనగానే ఈనాటి యౌవనులకు హైదరాబాదు దగ్గరి బాలాజీ గుడి జ్ఞాపకం వస్తుంది. నేను చెప్పబోయేది కోదాడ సమీపంలోని మన చిలుకూరును గురించి. 1941లో ఆంధ్ర మహాసభ ఎనిమిదవ సమావేశం ఆ ఊళ్లో రావి నారాయణరెడ్డి గారి అధ్యక్షతన జరిగింది. అంతకు పూర్వం జరిగిన సభలలో వకీళ్లు, పెద్ద భూస్వాములు, పత్రికాధిపతులు ముందు వరుసలో కూర్చుండేవారు. చిలుకూరు తరువాత ఆ వరుస మారటం మొదలయింది. ముప్పది ఏండ్లయినా నిండని యువకులు, హైదరాబాదులోనో నాగపూరులోనో చదివి వచ్చినవారు, చదువు మధ్యలో వదిలినవారు సభను తమ చేతుల్లోకి తీసుకోసాగారు.

శతాబ్ది సంచికలో అధ్యక్షుల చరిత్ర, దేవాలయ నిర్మాణాల చరిత్ర, మిషనరీల చరిత్ర ఉండటం సహజమే. యువజనులను గురించి వ్రాయమన్నప్పుడు మన యువజన సహవాసాల నివేదికలు తిరగవేస్తే సరిపోతుందని అనుకోవచ్చు. కాని పట్టణంలో చదువుకొన్న పిల్లవాడు తన పల్లెకు తిరిగివచ్చి అక్కడి యువకులను కూడగట్టటం అనే పని మన ప్రాంతంలో ఎక్కువగా చర్చి గోడల వెలుపలనే జరిగింది. ఆ సంగతి చెప్పకుండా మన సంగతి చెప్పటం న్యాయం కాదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని 1918లో స్థాపించారు. బోధన ఉర్దూలో. అదే ఏడు వెంకటరామారెడ్డి గారి పూనికతో హైదరాబాదులో రెడ్డి హాస్టలు ఏర్పడింది. నల్లగొండ జిల్లా పల్లెల నుండి కలిగినవారి పిల్లలు నగరంలో ఉండి చదువుకొనే వీలు ఆ విధంగా కలిగింది. 1938 నవంబరులో ఉస్మానియా హాస్టళ్లలో విద్యార్థులు వందేమాతరం పాడరాదని అధికారులు ఆంక్ష పెట్టారు. విద్యార్థులు సమ్మె చేశారు. వందల మందిని విశ్వవిద్యాలయం నుండి వెళ్లగొట్టారు. వారిలో చాలామందికి నాగపూరు విశ్వవిద్యాలయం చోటిచ్చింది. తరువాతి కాలంలో దేశ ప్రధాని అయిన పి.వి. నరసింహారావు గారు కూడా ఆ విధంగా నాగపూరు చేరినవారే.

మన ప్రాంతానికి ముఖ్యుడు దేవులపల్లి వెంకటేశ్వరరావు గారు. 1917లో జన్మించి సూర్యాపేట తాలూకా చందుపట్లలో పెరిగారు. వందేమాతరం సమ్మెలో ఉస్మానియా నుండి బహిష్కృతులై జబల్‌పూరులో డిగ్రీ పూర్తి చేశారు. ఆ రోజుల్లో డిగ్రీ చేతికి వచ్చినవాడికి సర్కారు నౌకరీ అంత దూరమేమీ కాదు. ఆయన మాత్రం నల్లగొండ జిల్లా పల్లెలకే వచ్చారు. కమ్యూనిస్టు పార్టీ జిల్లా బాధ్యత వహించారు, 1957లో నల్లగొండ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు, 1984లో మరణించారు. ఆయన సిద్ధాంతంతోను, ఆ తరువాతి ఆయుధ మార్గంతోను ఏకీభవించటం నా వంటి సేవకునికి సాధ్యం కాదు. ఆ వాదనలోకి ఇక్కడ పోను. నా దృష్టి అంతకు ముందు జరిగిన పని మీద.

ఆ పని ఏమిటి? వెట్టి చాకిరీని కట్టడి చేసే సర్కారు ఉత్తర్వులు నిజాం కాలంలోనే కాగితం మీద ఉండేవి. భగేలా పేరిట తరతరాలు జీతముండే పద్ధతిని అదుపు చేస్తూ 1936లో నిబంధనలు వచ్చాయి. అయితే కచ్చేరీ భాష ఉర్దూ. ఊళ్లో దొర చెప్పిందే చట్టం, పటేలు పట్వారీలు వ్రాసిందే లెక్క. అటువంటి చోటికి ఉర్దూ చదివిన విద్యార్థి ఒకడు వచ్చి, ఆ ఉత్తర్వును తెలుగులో చదివి వినిపించి, నీవు ఊరికే చెప్పులు కుట్టి ఇయ్యనక్కరలేదు, ఊరికే మోత మోయనక్కరలేదు అని చెప్పటమే పెద్ద సంగతి. దరఖాస్తు వ్రాసిపెట్టటం, రశీదు అడగమని నేర్పటం, రాత్రిబడిలో అక్షరాలు దిద్దించటం, పత్రికలు చదివి వినిపించటం. ఇదీ ఆ యువకుల నిత్యకృత్యం. ఆంధ్ర జనసంఘం 1921లో పుట్టిన నాటి నుండి గ్రంథాలయాల ద్వారా వేసిన దారిలోనే వీరు నడిచారు.

1944లో భువనగిరిలో పదకొండవ మహాసభ జరిగింది. అధ్యక్షుడు మళ్లీ రావి నారాయణరెడ్డి గారే. సభ్యత్వ రుసుము రూపాయి నుండి ఒక అణాకు దిగింది. అణా ఇచ్చి చీటి తీసుకొన్న కూలివాడు 'సంగం'లో మనిషి అయ్యాడు. ఒక చిన్న మాట ఇక్కడ చెప్పవలెను. మనకు సంఘమంటే ఆదివారం ఆరాధనకు కూడే విశ్వాసుల సమూహం. ఆ సంవత్సరాల్లో సూర్యాపేట పల్లెల్లో 'సంగపోళ్లు' అంటే మాత్రం మనవారు కారు.

మరి మనవారు ఎక్కడ ఉన్నారు?

అమెరికన్ బాప్టిస్టు మిషను పక్షాన అబ్రహాము ఫ్రీసెన్ దొరగారు 1890లో నల్లగొండలో పని ప్రారంభించారు. తరువాత సూర్యాపేట కూడా మిషను కేంద్రమయింది. తూర్పున డోర్నకల్లులో తిరునెల్వేలి క్రైస్తవులు స్థాపించిన ఇండియన్ మిషనరీ సొసైటీ పనిచేసింది. ఆ సొసైటీ పుట్టుక కథ యువజనులకు తెలిసి ఉండవలసినది. వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు మద్రాసు క్రైస్తవ కళాశాల విద్యార్థి. జబ్బుపడి డిగ్రీ పరీక్ష వ్రాయలేకపోయారు. 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరి విద్యార్థుల మధ్య తిరిగారు. సింహళంలోని జాఫ్నాకు వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవ యువజనులు తమ సొంత డబ్బుతో మిషనరీ పని నడపటం చూచి, తమ సంఘం ఇంకా దొరల మీదనే ఆధారపడి ఉన్నదని సిగ్గుపడ్డారు. 1903లో ఐ.ఎం.ఎస్. స్థాపన ఆ సిగ్గు ఫలమే. 1909లో తామే డోర్నకల్లుకు వచ్చి తెలుగు నేర్చారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషపుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. అట్లా చూస్తే, తెలంగాణలో మన సంఘ చరిత్రలోనూ విద్యార్థుల చేయి ఉన్నది. కాని వారు పొరుగుదేశం పల్లెకు వచ్చిన విద్యార్థులు. తమ పల్లెకు తాము తిరిగి వచ్చినవారు కారు.

మిషను బోర్డింగు పాఠశాలలు మన తాతల తరానికి చేసిన మేలు కొలతకు అందదు. బడి గడప తొక్కనివ్వని పిల్లలకు అక్షరం, అన్నం, బట్ట ఇచ్చాయి. ఆ పిల్లలు ఉపాధ్యాయులయ్యారు, నర్సులయ్యారు, కాంపౌండర్లయ్యారు, సువార్తికులయ్యారు. అయితే చాలామంది తమ పల్లె వదిలే చదువుకొన్నారు. పిల్లవాణ్ణి వాడ నుండి బయటికి తీసుకురావటం మిషను దృష్టిలో విమోచన. వాడు తిరిగి వాడలోకి ఏం తీసుకుపోవలెనన్న ప్రశ్న మన పాత నివేదికల్లో తక్కువగా కనబడుతుంది.

ఇందుకు మనవారిని తప్పు పట్టటం సులువు. నేను పట్టను. ఆంధ్ర మహాసభ విద్యార్థులలో ఎక్కువమంది భూమి కలిగిన ఇండ్ల బిడ్డలు. నౌకరీ చేయకపోయినా ఇంట్లో పొయ్యి ఆరిపోదు. మన బోర్డింగు పిల్లవాని మొదటి జీతం కోసం ఇంట్లో ఆరుగురు ఎదురుచూస్తుండేవారు. అతడు రాత్రిబడి పెడతానంటే తల్లి ఏమనవలెను? ఇంకొక భేదం కూడా ఉన్నది. దొర కొడుకు మాదిగవాడకు వచ్చి అరుగు మీద కూర్చుంటే త్యాగమన్నారు. మాదిగవాడ కుర్రవాడు చెప్పులు తొడుక్కొని పై వీధిన నడిస్తే పొగరన్నారు. ఒకరికి తిరిగిరావటం కీర్తి, మరొకరికి తిరిగిరావటం దెబ్బలు. ఈ రెంటినీ ఒకే త్రాసులో తూచరాదు.

1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత మన ప్రాంతం ముఖం మారిపోయింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగరుకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ గారు కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ నీళ్లు వచ్చి మిర్యాలగూడ చుట్టుపట్ల జొన్నచేలు వరిమళ్లయ్యాయి, పట్టణం రైసుమిల్లుల పట్టణమయింది. భూమి ఉన్నవాని పిల్లవాడు కాలేజీకి పోయాడు. లేనివాడు నాట్లకు, మిల్లులో బస్తాలు మోయటానికి పోయాడు. మన సంఘాల్లో రెండవవారే ఎక్కువ.

విద్యార్థులు పల్లెలకు పోవటం అనేది ఆ తరువాత కూడా పలుమార్లు జరిగింది. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం తరగతులు మూయించింది. అదే ఏడు కేంద్ర ప్రభుత్వం జాతీయ సేవా పథకం, అనగా ఎన్.ఎస్.ఎస్., మొదలుపెట్టింది. దాని శిబిరాల్లో చాలామంది పారపట్టి రోడ్డు వేసి ఫోటో దిగి వచ్చారని మన పెద్దలు నవ్వుతూ చెప్పేవారు. కొందరు మాత్రం నిజంగానే పని నేర్చుకొన్నారు. 1978 వేసవిలో విప్లవ విద్యార్థులు 'గ్రామాలకు తరలండి' అన్న పిలుపు ఇచ్చారు. తెలంగాణ పల్లెల్లో ఎన్నో తల్లుల కన్నీళ్లు ఆ పిలుపుతో ముడిపడి ఉన్నాయి. క్రైస్తవ విద్యార్థులలో 1912 నుండి ఎస్.సి.ఎం., 1954 నుండి యు.ఇ.ఎస్.ఐ. పనిచేస్తూ వచ్చాయి. మొదటిది సమాజ ప్రశ్నలు ఎక్కువ అడిగింది, రెండవది వ్యక్తిగత రక్షణ ఎక్కువ ప్రకటించింది. ఒక పల్లెకు ఈ రెండూ అవసరమేనని వేదాంత కళాశాలలో మాకు చెప్పారు గాని, రెండూ ఒక శిబిరంలో కలవటం నేను అరుదుగా చూచాను.

1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. పారిపోయివచ్చిన కుటుంబాలు చీరాలలో చర్చి ఆవరణలో తలదాచుకొన్నాయి. ఆ ఏడే దళిత మహాసభ ఏర్పడింది. మన సంఘాల్లో పుట్టి పెరిగి డిగ్రీలు చదివిన యువకులు అప్పుడు తమ వాడల వైపు తలలు తిప్పారు. మన ప్రాంతంలోనూ ఆ గాలి వీచింది. హాస్టలు నుండి సెలవులకు వచ్చిన కుర్రవాడు హోటల్లో వేరే గ్లాసు ఎందుకని అడిగేవాడు. అడగమని అతనికి చెప్పినది చర్చి కాదు. అడిగే ధైర్యానికి కావలసిన అక్షరం మాత్రం చాలా ఇండ్లలో చర్చి ఇచ్చినదే.

మన సొంత పద్ధతి ఒకటి ఉన్నది. అది వి.బి.ఎస్. సెలవుల బైబిలు బడి అంటే పిల్లల పాటలు, రంగు కాగితాలు అని చులకనగా చూస్తాము. దాని మొదలు వేరు. 1901లో న్యూయార్కులో రాబర్ట్ బోవిల్ అనే బాప్టిస్టు పాదిరి, వేసవిలో ఖాళీగా మూతపడి ఉన్న చర్చీలను, పనిలేని కళాశాల విద్యార్థులను, వీధుల్లో తిరిగే పేదపిల్లలను ఒకచోటికి చేర్చాడు. ఆ ఏర్పాటులో విద్యార్థే ఇరుసు. మన పల్లెల్లో కూడా మే నెలలో బడి నడిపేది డిగ్రీ, ఇంటర్ చదివే మన పిల్లలే. పది రోజుల తరువాత బహుమానాలిచ్చి సాగనంపుతాము. అక్కడితో ఆపటం మనం చేసిన ఏర్పాటే గాని బోవిల్ పాదిరి చేసినది కాదు.

2009 చివర తెలంగాణ ఉద్యమం మళ్లీ రగిలినప్పుడు ఉస్మానియా విద్యార్థులు పల్లెపల్లెకు వచ్చారు. 2010 జనవరిలో ఉస్మానియా నుండి కాకతీయ విశ్వవిద్యాలయానికి పాదయాత్ర నడిచింది. ఊళ్లలో జె.ఏ.సి. గుడారాల్లో కూర్చున్నవారిలో మన యువజన సహవాసాల కార్యదర్శులు ఉన్నారు. ఆదివారం ఉదయం ఆరాధనలో గిటారు, మధ్యాహ్నం గుడారంలో డప్పు. కొందరు పెద్దలకు అది నచ్చలేదు. నాకు నచ్చింది.

ఈలోగా మరొక మార్పు చప్పుడు లేకుండా వచ్చింది. 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఏర్పడింది. మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటల్లో కళాశాలలు పెరిగాయి. చందుపట్ల యువకుడు డిగ్రీ కోసం జబల్‌పూరు వరకు పోవలసివచ్చిన కాలం ఎక్కడ, ఉదయం బస్సెక్కి విశ్వవిద్యాలయానికి పోయి రాత్రి తన ఇంట్లోనే అన్నం తినే ఈ కాలం ఎక్కడ! ఊరికి తిరిగిరావటం అనే ప్రశ్నే వారికి లేదు. రోజూ ఊళ్లోనే ఉన్నారు. అయితే ఊళ్లో ఉండటం వేరు, ఊరివారితో ఉండటం వేరు. చేతిలో ఫోను, చెవిలో తీగ, పోటీపరీక్షల పుస్తకం. పదవ తరగతి తప్పిన పక్కింటి తమ్ముడు పేరు తెలుసు గాని సబ్జెక్టు తెలియదు.

మేము ఒక సంఘంలో చిన్న ప్రయత్నం చేశాము. పి.జి. చదివే ఇద్దరు ఆడపిల్లలు, బి.టెక్. చదివే ఒక కుర్రవాడు సాయంత్రం ఏడు నుండి తొమ్మిది వరకు చర్చిలో లెక్కలు, ఇంగ్లీషు చెప్పసాగారు. వాడ పిల్లలే కాక, కాలువ అవతలి తండా నుండి లంబాడీ పిల్లలు కూడా వచ్చారు. మూడవ నెలలో పాస్టరేటు కమిటీలో చర్చ లేచింది. కరెంటు బిల్లు పెరిగింది, బలిపీఠం ముందు చెప్పులు విడుస్తున్నారు, మన సంఘస్థులు కాని పిల్లలకు మన ఖర్చు దేనికి? ఒక పెద్దమనిషి లేచి తన చిన్నప్పుడు సంగపోళ్ల రాత్రిబడి మోతుబరి గొడ్లసావిట్లో జరిగిందని, లాంతరు నూనె ఎవరు పోశారో తనకు నేటికీ తెలియదని చెప్పి కూర్చున్నాడు. బిల్లు మంజూరయింది. చెప్పుల సంగతి తేలలేదు. బడి నడుస్తున్నది. కుర్రవాడికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. అతని స్థానంలో లెక్కలు చెప్పేవారు ఇంకా దొరకలేదు.