బడి మరచిన జీవితాలు: గోదావరి సీమలో స్మరణ చరిత్ర

గోదావరి డెల్టాలో ఏ పాత హైస్కూలు ఆవరణలో అడుగుపెట్టినా పోయినవాళ్ల పేర్లు పలకరిస్తాయి. తరగతి గది గుమ్మం పైన పాలరాతి పలక, మంచినీళ్ల ట్యాంకు మీద నూనె రంగుతో రాసిన అక్షరాలు, సీలింగ్ ఫ్యాను రెక్కల మీద తిరిగి తిరిగి వెలిసిన ఇంటిపేరు. అన్నిటి చివరా ‘జ్ఞాపకార్థం’ అని ఉంటుంది. ఆ పేర్లవాళ్లలో ఎందరు ఆ బడిలో చదివారు, ఎందరు పాఠం చెప్పారు అని చూస్తే లెక్క పలచబడిపోతుంది. వాళ్లలో ఎక్కువమంది దాతల తల్లిదండ్రులు. ముప్పై ఏళ్లు అదే గదిలో లెక్కలు చెప్పిన మాస్టారి పేరు ఏ గోడ మీదా ఉండదు. తొమ్మిదో తరగతిలో జ్వరంతో పోయిన పిల్లవాడి పేరు హాజరు పట్టీలో కొట్టేసిన గీత కింద ఆగిపోతుంది. ఈ సీమ రెండు వందల ఏళ్ల విద్యాచరిత్రను చూస్తే నాకు ఒకటే తోస్తుంది. బడితో ముడిపడిన మనుషుల్లో ఎవరైనా తర్వాతి తరాలకు మనుషులుగా అందారంటే, కారణం వాళ్ల పేరు చెక్కడం కాదు, వాళ్ల జీవితాన్ని ఎవరో ఒకరు కూర్చుని రాయడం. ఆ రాత ఇంతకాలం వ్యక్తుల అభిమానం మీదే ఆధారపడింది. బడి దాన్ని తన పనిగా ఎన్నడూ తీసుకోలేదు.

బడి బంధాన్ని మరణంలో గుర్తించడం మనకు కొత్త కాదు. మనుస్మృతిలో ఆచార్యుడు పోతే మూడు రాత్రులు, సహాధ్యాయి పోతే ఒక రోజు ఆశౌచం చెప్పారు. రక్తసంబంధం లేకున్నా, ఒకే గురువు దగ్గర కూర్చుని చదివినందుకు ఒక రోజు మైల పట్టాలన్న మాట. మహాలయ పక్షంలోనూ, పుష్కరాల్లో కోటిలింగాల రేవు దగ్గరా పిండాలు పెట్టేటప్పుడు తల్లిదండ్రుల వరుస, బంధువుల వరుస అయ్యాక కారుణ్య పితరుల్లో గురువునూ స్నేహితుడినీ తలచుకునే ఆచారం నేటికీ ఉంది. ఆ క్షణంలో పేరూ గోత్రమూ పలుకుతారు, నీళ్లు వదులుతారు, పని పూర్తవుతుంది. ఆ మనిషి ఎలా బతికాడన్నది ఆ మంత్రంలో ఇమడదు, ఇమడాలని ఎవరూ కోరుకోలేదు కూడా. అటు ప్రభుత్వం రాసిపెట్టుకున్నది మరో రకం. 1822లో మద్రాసు గవర్నరు మన్రో ఆదేశించిన విచారణకు రాజమండ్రి జిల్లా నుంచి వెళ్లిన లెక్కల్లో 279 ఉన్నత విద్యాస్థానాలు, వాటిలో 1,454 మంది విద్యార్థులు ఉన్నట్టు తేలింది. సంఖ్య మిగిలింది, మనుషులు మిగల్లేదు. ఒకవైపు పేరు మాత్రమే ఉన్న తర్పణం, మరోవైపు పేరు కూడా లేని పట్టిక. ఈ రెంటి నడుమ ఉండవలసిన జీవితకథ చాలాకాలం గురుశిష్యుల నోళ్లలోనే నడిచి, వాళ్లతోనే పోయింది.

ఆ నడుమ చోటును సాహిత్యం ఎలా నింపగలదో చూపిన మొదటి గొప్ప ఉదాహరణ ఈ డెల్టాలోదే. భీమవరం దగ్గరి యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి, కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి, ఇద్దరూ చర్ల బ్రహ్మయ్యశాస్త్రి దగ్గర చదువుకున్న సహాధ్యాయులు. అక్కడ కలిసిన స్నేహమే తిరుపతి వేంకట కవులైంది. 1920లో తిరుపతిశాస్త్రి పోయారు. వేంకటశాస్త్రి 1950 దాకా బతికారు. ఆ ముప్పై ఏళ్లలో తాను ఒంటరిగా రాసిన వాటినీ జంటపేరుతోనే వెలువరించారు. ఇది ఎంత పెద్ద నిర్ణయమో ఆలోచించాలి. శాస్త్రం చెప్పిన ఒక్కరోజు మైలను ఆయన ముప్పై ఏళ్లకు పొడిగించినట్టు. అంతటితో ఆగి ఉంటే అదీ పేరు నిలపడమే అయ్యేది. ‘కథలు–గాథలు’లో ఆయన గురువుల గురించి, చదువుకున్న రోజుల గురించి, తోటివాళ్ల గురించి విస్తారంగా రాశారు. వారాలు చేసుకుంటూ చదివే పిల్లవాడి ఆకలి ఎలా ఉండేది, పండితుల పట్టుదలలు ఎలా ఉండేవి అన్నవన్నీ ఆ రాతల వల్లే మనకు తెలుసు.

కొత్త బడి వచ్చాక స్మరణ రెండు దారులుగా చీలింది. ఒకటి బోర్డు దారి. 1850లలో నరసాపురం సబ్ కలెక్టరుగా ఉన్న టేలర్ ప్రోత్సాహంతో రైతులు భూమిశిస్తుకు తోడు కొంత అదనంగా చెల్లించి ఊళ్లలో బళ్లు నడుపుకున్నారు. ఆ దొర పేరు నరసాపురం హైస్కూలుకు నిలిచింది, డబ్బు కట్టిన రైతులు ఎవరో తెలియదు. రెండోది పుస్తకం దారి. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు, రాజమండ్రిలో పాఠాలు చెప్పారు, తర్వాత తన జీవితాన్ని తానే ‘స్వీయ చరిత్రము’గా రాసుకున్నారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం, టంగుటూరి ప్రకాశం కూడా తమ జీవితాలు చెప్పుకుంటూ రాజమండ్రి బడి మనుషులను వెంట తెచ్చారు. ఒంగోలు నుంచి ప్రకాశాన్ని తనతో రాజమండ్రి తీసుకొచ్చి, చదివించి, నాటకాల్లో వేషాలు కట్టించిన ఇమ్మానేని హనుమంతరావు నాయుడు మాస్టారు ఇవాళ తెలుగువాళ్లకు తెలుసంటే, ఆ శిష్యుడు ‘నా జీవిత యాత్ర’ రాయడం వల్లే. శిష్యుడు ముఖ్యమంత్రి కాకపోయి ఉంటే? అలాంటి మాస్టార్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్ల శిష్యులు కలం పట్టలేదు, అంతే తేడా.

పెద్దవాళ్ల విషయంలోనైనా బడి తన వంతు చేసిందా అంటే, క్యాలెండరు చూస్తే తెలుస్తుంది. వీరేశలింగం మరణించింది 1919 మే 27న. పిఠాపురం రాజా కళాశాలకు 1904 నుంచి 1919 దాకా ప్రిన్సిపాలుగా ఉండి ఒక తరాన్ని తీర్చిదిద్దిన రఘుపతి వెంకటరత్నం నాయుడు పోయింది 1939 మే 26న. రెండు వర్ధంతులూ వేసవి సెలవుల్లోనే పడతాయి. ఏప్రిల్ 16న వచ్చే కందుకూరి జయంతి పరీక్షల హడావిడిలో పోతుంది. అక్టోబరు 1న రఘుపతి వారి జయంతి చాలా ఏళ్లలో దసరా సెలవుల్లో కలిసిపోతుంది. ఉపాధ్యాయ దినోత్సవం జరుపుకునే సెప్టెంబరు 5 సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజు. ఆయన కూడా రాజమండ్రిలో కొంతకాలం పనిచేసినవారే. కానీ ఆ రోజు ఉపన్యాసాలన్నీ రాష్ట్రపతి మీదే సాగుతాయి. మన బడి క్యాలెండరులో మన బడివాళ్ల మరణానికి చోటు లేదు.

అందుకే దామెర్ల రామారావు విషయం నాకు ఇంత విలువైనదిగా కనిపిస్తుంది. రాజమండ్రి ఆర్ట్స్ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే చిత్రకారుడు కూడా. అడివి బాపిరాజు, దామెర్ల ఇద్దరూ ఆయన చేరదీసిన కుర్రవాళ్లే. దామెర్ల బొంబాయి జె.జె. స్కూలులో చదివి వచ్చి, 1920ల మొదట్లో రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టారు. 1925 ఫిబ్రవరి 6న మశూచికంతో కన్నుమూశారు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. ఆ తర్వాత జరిగింది చూడండి. వరదా వెంకటరత్నం వంటి సహచరులు సంతాప సభతో సరిపెట్టుకోలేదు. బడిని నడిపారు, బొమ్మలు చెదరకుండా కాపాడారు, వాటికొక ప్రదర్శనశాల సమకూడింది. ఈనాటికీ ఆ హాల్లో నిలబడితే ఒక యువకుడు గోదావరిని, స్త్రీలను, చెట్టు నీడను ఏ కళ్లతో చూశాడో తెలుస్తుంది. బడి సమాజం తన మృతుణ్ణి గుర్తుంచుకోవడమంటే ఇది: అతని పని దగ్గరే మనల్ని నిలబెట్టడం. విగ్రహానికి దండ వేసి వచ్చేయవచ్చు, బొమ్మ ముందు కాసేపు ఆగక తప్పదు. ఇక మద్దూరి అన్నపూర్ణయ్యది ఇంకో రకం ధైర్యం. కాకినాడలో తనతో చదువుకున్న అల్లూరి సీతారామరాజు సాహసాన్ని ప్రభుత్వం దోపిడీగా ముద్ర వేస్తున్న రోజుల్లో ‘కాంగ్రెసు’ పత్రికలో కీర్తించిన సహాధ్యాయి ఆయన.

ఈ మంచి ఉదాహరణలే లోటును కూడా చూపిస్తాయి. వీటిలో గుర్తుండిపోయినవాళ్లందరూ కవులు, కళాకారులు, వీరులు. ధవళేశ్వరం బడిలో అక్షరాలు దిద్దిన మొదటి ఆడపిల్లలు ఏమయ్యారు? రాజమండ్రిలో చిలకమర్తి 1909లో పెట్టిన రామమోహన పాఠశాలలో చదివిన దళిత పిల్లలు ఎవరెవరు, ఏ పనుల్లో కుదిరారు, ఎప్పుడు పోయారు? బడి పెట్టినవారి చరిత్రలో వాళ్లు ‘విద్యార్థులు’ అనే ఒక్క మాటగా ఉన్నారు. 1822 లెక్కల్లోని 1,454 మందిలాగే. ఊరిలో తమకంటూ శాసనం, వంశావళి, పత్రిక ఏవీ లేని కుటుంబాల పిల్లలకు బడి రిజిస్టరు ఒక్కటే రాతపూర్వకమైన ఆనవాలు. వాళ్ల విషయంలో బడి మౌనంగా ఉండిపోతే మాట్లాడేవాళ్లు ఇంకెవరూ లేరు.

స్వాతంత్య్రం చుట్టుపక్కల ఏళ్లలో డెల్టా పట్టణాల్లో కళాశాలలు వరసగా వచ్చాయి. భీమవరంలో 1945లో వచ్చిన వెస్ట్ గోదావరి భీమవరం కళాశాల తర్వాత దంతులూరి నారాయణరాజు పేరు ధరించింది. నరసాపురంలో 1949లో వచ్చిన కళాశాలకు యర్రమిల్లి నారాయణమూర్తి పేరు ఉంది. ధాన్యం డబ్బు చదువుగా మారిన కాలమది, ఆ కృతజ్ఞత న్యాయమైనదే. అయితే ఆ పేర్లను విద్యార్థులు పలికేది డి.ఎన్.ఆర్., వై.ఎన్. అని. పొడి అక్షరాలయ్యాక మనిషి పూర్తిగా మాయమవుతాడు. దాతల పేర్లు లేకపోతే విరాళాలు ఆగిపోతాయని కొందరు అంటారు. దాతల పలకలు తీసేయమని ఎవరూ అడగడం లేదు. పలక పెట్టించే కుటుంబాన్ని ఆ పెద్దాయన గురించి నాలుగు పేజీలు రాసిమ్మని కూడా అడగాలి. సిమెంటుకు చందా వసూలు చేసే కమిటీకి అదేమీ కష్టం కాదు.

ఇప్పటి రివాజు ఏమిటి? ఎవరైనా పోతే ప్రార్థన సమయంలో రెండు నిమిషాల మౌనం, సంతాప సూచకంగా సెలవు. పిల్లలు పుస్తకాల సంచీలు తీసుకుని ఇళ్లకు వెళ్లిపోతారు. కలిసి తలచుకోవలసిన రోజునే విడిపోతారు. సంక్రాంతికి ఊళ్లకు వచ్చే పదో తరగతి బ్యాచ్‌ల ఆత్మీయ సమ్మేళనాల్లో ముందుగా పోయిన మిత్రుల ఫొటోలున్న ఫ్లెక్సీ ముందు మౌనం పాటిస్తారు, తర్వాత గురువులకు శాలువాలు కప్పుతారు, ఆ తర్వాత భోజనాలు. ఆ మౌనంలో నిజమైన దుఃఖం ఉంటుంది. భోజనాల దగ్గరే అసలు స్మరణ జరుగుతుంది కూడా: వాడు కబడ్డీలో ఎలా పట్టేవాడు, ఆ అమ్మాయి వానాకాలంలో కాలవ దాటి ఎలా వచ్చేది అని. అదంతా ఆ సాయంత్రంతో గాలిలో కలిసిపోతుంది. 2018 జులై 14న, రెండో శనివారం, బడిలో కార్యక్రమానికి వెళ్లి ఇంటికి తిరిగొస్తున్న పిల్లలున్న పడవ పశువుల్లంక దగ్గర గౌతమిలో, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడింది. పలువురు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. పత్రికలు వాళ్ల పేర్లు, తరగతులు, ఊళ్లు రాశాయి. అలాంటి పిల్లలు ప్రమాదం వార్తగానే మిగిలిపోతే, ఆ పన్నెండూ పదమూడేళ్లు వాళ్లు బతికిన బతుకును మనం లెక్కలోకి తీసుకోనట్టే.

చిన్నపిల్లల ముందు చావు మాటెందుకు, బడిలో అశుభం ఎందుకు అనే అభ్యంతరం బలమైనది, దాన్ని మూఢనమ్మకమని తోసేయడం తప్పు. పిల్లల మనసు సున్నితం. కానీ నిన్నటి దాకా పక్కన కూర్చున్నవాడి చోటు ఖాళీ అయితే ఆ పిల్లలకు తెలియకుండా ఉంటుందా? చెప్పకపోతే భయం వాళ్లలోనే పెరుగుతుంది. ఇక అశుభం మాటకు వస్తే, సహాధ్యాయికి ఆశౌచం చెప్పిన సంప్రదాయమే చదువునూ చావునూ ఒకచోట చేర్చింది. రెండో అభ్యంతరం పొగడ్తల గురించి. పోయినవాళ్లంతా ‘నిగర్వి, స్నేహశీలి’ అయిపోతారని. నిజమే, అలా రాస్తే రాయకపోయినా ఒకటే. ఇంగ్లండులో హారో పాఠశాల మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన తన పూర్వ విద్యార్థులపై ఆరు సంపుటాలు అచ్చువేసింది. ఒక్కొక్కరికీ ఫొటో, పుట్టుక, చదువు, మరణం. అది సంపన్నుల బడి, సామ్రాజ్యపు యుద్ధం, కాబట్టి ఆ పుస్తకాల గర్వం మనకు అక్కర్లేదు. సేనానికీ కొత్తగా చేరిన కుర్రవాడికీ చోటు ఇవ్వడం మాత్రం నేర్చుకోదగ్గది. వివరాలు అడిగితే పొగడ్త దానంతటదే తగ్గుతుంది: ఏ ఊరు, ఎవరింట్లో ఉండి చదివారు, ఏ పాఠం బాగా చెప్పేవారు, దేనికి కోపం వచ్చేది. మూడో అభ్యంతరం కుటుంబాల గోప్యత గురించి. ఆత్మహత్యలు, జబ్బులు, గొడవలు ఉంటాయి. మరణకారణం రాయాల్సిన పనే లేదు. రాసింది ఇంటివాళ్లకు చూపించి, వద్దన్నది తీసేయాలి.

దీనికి ట్రస్టు అక్కర్లేదు, ప్రభుత్వ ఉత్తర్వూ అక్కర్లేదు. అడ్మిషన్ రిజిస్టరు ఉన్న బీరువాలోనే ఇంకొక బౌండు పుస్తకం చాలు. అడ్మిషన్ నెంబరు రాసి, మనిషికి రెండు పేజీలు వదలాలి. సమ్మేళనానికి వచ్చిన ప్రతి బ్యాచ్ భోజనాలకు లేచేలోపు తమవాళ్ల గురించి చెప్పింది ఒకరు రాసిపెట్టాలి. తెలుగు మాస్టారు ఏడాదికి ఒక పేజీ తరగతిలో చదివించాలి. మొదట ఎవరిది రాయాలన్న ప్రశ్న వస్తే, నా మటుకు హెడ్మాస్టర్లతో మొదలుపెట్టవద్దంటాను. వాళ్లకు బోర్డు మీద వరసగా పేర్లు ఎలాగూ ఉన్నాయి. గంట కొట్టిన అటెండరు, మధ్యాహ్నం అన్నం వండిపెట్టిన ఆయా, చదువు మధ్యలో పోయిన పిల్లలు, ముందు వీళ్లవి రాయాలి. వాళ్లను ఎరిగినవాళ్లు ఇంకా ఊళ్లోనే ఉన్నారు, అడిగితే చెబుతారు.