అమరావతి శిలలు - ఛాయాచిత్రములు

కృష్ణాతీరమున అమరావతి దిబ్బను 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించెను. అచటి శిల్పఫలకములు కొన్ని అదివరకే సున్నపుబట్టీల పాలయినవి. మద్రాసు చేరిన వానికి 1858లో లిన్నేయస్ ట్రైప్ అను సేనాధికారి ఛాయాచిత్రములు తీసెను. మరుసటి యేడే వానిలో పెక్కులు ఓడనెక్కి లండనునకు పోయినవి. నాటి స్థితికి ఆ పటములే సాక్ష్యము.

సాక్ష్యము చెల్లవలెనన్న ప్రతులన్నియు ఒక్క తీరున నుండవలెను. ఆ కాలమున నెగటివు క్రింద కాగితముంచి ఎండలో ప్రతులు తీసెడివారు. మబ్బు పట్టిన వెలుగు తగ్గును; మధ్యాహ్నము హెచ్చును. ఒకటి నల్లనై వేరొకటి పాలిపోయినచో, ఆ నీడ ఉలి చెక్కిన లోతో, ఎండ చేసిన మాయయో తెలియదు. అందుచే పనివాడు మాటిమాటికి కాగితమెత్తి చూచి, ఛాయ కుదిరినంతనే తీసి, హైపో ద్రావకమున నిలిపి, పలుమార్లు నీట కడుగవలెను. కడుగుట చాలకున్న కొన్నేండ్లకు ప్రతి పసుపువారును.

పిదప చీకటిగదియు, విద్యుద్దీపమును వచ్చినవి. కంటి అంచనాకు మారు గడియారము నిలిచెను. మందుపాళ్లు, ముంచు నిమిషములు, సుమారు 20 డిగ్రీల వేడిమి - ఈ మూడును మారరాదు. బెజవాడ వేసవిలో మంచుగడ్డ లేనిదే ఆ వేడిమి కుదిరెడిది కాదు.

మీ యూరి శాసనమునకు పటము తీయించునపుడు ఈ కొలతలను ప్రతి వెనుక వ్రాయింపుడు. రాయి అరిగినను మీ మనుమలు అదే తీరున మరల ప్రతి తీయగలరు.